వకీలుకు చెప్పిన మాట ఎక్కడిదాకా పోతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ కోర్టులో నా టేబుల్ ముందు కూర్చునేవాళ్లు చాలామంది కేసు సంగతి ఎత్తకముందే ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు. తలుపు దగ్గర ఎవరున్నారో చూసుకుని, కుర్చీ కొంచెం ముందుకు జరుపుకొని, "సార్, ఈ ముచ్చట బయటికి పోదు గదా?" అంటారు. "పోదు" అని ఊరుకుంటే సగం జవాబే అవుతుంది. చట్టం గట్టిగానే ఉంది, అయినా మాటలు బయటికి పోతూనే ఉన్నాయి. పోలీసులు లాగితే పోయినవి నేను పెద్దగా చూడలేదు. టీ కొట్టు దగ్గర, జిరాక్సు షాపులో, వెంట వచ్చిన పెద్దమనిషి నోట పోయినవి మాత్రం లెక్కలేనన్ని చూశాను.

అందుకే నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు కక్షిదారులు నన్ను పదే పదే అడిగినవన్నీ ఒకచోట రాస్తున్నాను. వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోవద్దని బార్ కౌన్సిల్ 36వ నిబంధన చెబుతోంది కాబట్టి నా పేరు, ఫోన్ నంబరు ఇందులో ఎక్కడా కనిపించవు, వెతకొద్దు.

మనం చెప్పింది వకీలు ఎవరికీ చెప్పకూడదని నిజంగా చట్టంలో ఉందా, లేక మర్యాద కోసం అంటారా?

చట్టంలోనే ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్‌గా ఉండేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, అందులో ఇది 132వ సెక్షన్. వకీలుగా తన పనిలో భాగంగా కక్షిదారు చెప్పిన మాట, చూపించిన కాగితంలోని విషయం, తాను ఇచ్చిన సలహా, వీటిలో ఏదీ కక్షిదారు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప వకీలు బయటపెట్టకూడదు. కేసు అయిపోయినా, వకీలును మార్చినా ఈ బాధ్యత పోదు. పదేళ్ల కింద తెగిపోయిన భాగపంపిణీ దావా గురించి కూడా నోరు విప్పే హక్కు నాకు లేదు.

దీనికి తోడు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలో 17వ నిబంధన ఉంది. సాక్ష్య చట్టం పెట్టిన ఈ కట్టుబాటును నేరుగా గానీ, చాటుగా గానీ తప్పకూడదని అది చెబుతుంది. 24వ నిబంధన ఇంకో మాట చెబుతుంది: కక్షిదారు ఉంచిన నమ్మకాన్ని వకీలు సొంత లాభానికి వాడుకోకూడదు. మీ భూమి అమ్మకానికి ఉందని కేసు ద్వారా తెలుసుకుని, తన బామ్మర్దితో బేరం పెట్టించడం కూడా ఇందులోకే వస్తుంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ హక్కు మీది, వకీలుది కాదు. "చెప్పండి సార్" అని మీరంటే ఆయన చెప్పొచ్చు. మీరు అననంతవరకు జడ్జి గారు అడిగినా చెప్పకూడదు.

తప్పు చేసింది నేనే అని వకీలు దగ్గర ఒప్పుకుంటే పోలీసులకు చెప్తాడా?

చెప్పడు, చెప్పకూడదు కూడా. చట్టమే దీనికి ఉదాహరణ ఇచ్చింది: "నేను ఫోర్జరీ చేశాను, నా తరఫున వాదించండి" అని కక్షిదారు వకీలుతో అంటే ఆ మాటకు రక్షణ ఉంది. తప్పు చేసినవాడి తరఫున వాదించడం నేరం కాదు కాబట్టి. ముద్దాయి దోషి అని తన మనసుకు అనిపించినా అతని తరఫున వాదించాలని బార్ కౌన్సిల్ 15వ నిబంధన కూడా అంటుంది.

మా దగ్గర మాత్రం దీనికి సరిగ్గా ఉల్టా జరుగుతుంది. ఠాణాలో అంతా చెప్పేసి వస్తారు, వకీలు దగ్గర దాస్తారు. చార్జిషీటు చేతికొచ్చాక కథ ఒక్కో పేజీకి ఒక్కో రకంగా మారుతుంటే నేను తల పట్టుకుని కూర్చోవాలి. వకీలుకు నిజం తెలిస్తే ఏ సాక్షిని ఏం అడగాలో, ముఖ్యంగా ఏం అడగకూడదో తెలుస్తుంది. అయితే ఒకటి, నిజం తెలిసిన వకీలు మీ చేత బోనులో అబద్ధం చెప్పించడు. దొంగ ఎత్తులు వేయకుండా కక్షిదారును ఆపే ప్రయత్నం చేయాలని కూడా మా నియమావళిలోనే ఉంది.

మరి వకీలు దాచని విషయాలు ఏంటివి?

రెండు ఉన్నాయి. ఒకటి, చట్టవిరుద్ధమైన పని సాగించుకోవడానికి చెప్పిన మాట. రెండోది, వకీలు పని మొదలుపెట్టిన తర్వాత ఏదైనా నేరమో మోసమో జరిగినట్టు ఆయన కళ్లారా చూసిన సంగతి.

మన జిల్లాల్లో ఇది ఎక్కువగా సాదాబైనామాల దగ్గర వస్తుంది. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకుని కొన్న భూములు ఊరూరా ఉన్నాయి. ఒకాయన వచ్చి, "మా నాయిన రాసిన సాదాబైనామా మీద దొంగ సంతకం పెట్టిన అని కేసు పెట్టిండ్రు, మీరే కాపాడాలె" అంటే అది నా దగ్గరే ఉంటుంది. అదే మనిషి, "సార్, పాత కాగితం ఒకటి దొరికింది, ఎనకటి తారీఖు ఏసి రాపిద్దాం, దాని మీద దావా ఏద్దాం" అంటే ఆ మాటకు ఏ రక్షణా లేదు. రెండూ ఫోర్జరీ మాటలే. మొదటిది జరిగిపోయిన తప్పుకు వాదన కోరడం, రెండోది జరగబోయే తప్పుకు వకీలును పనిముట్టుగా వాడుకోవడం.

రెండో మినహాయింపుకు చట్టంలో ఉన్న ఉదాహరణ లెక్కల పుస్తకం గురించి. డబ్బు కాజేశాడని కేసు పడినవాడు వకీలును పెట్టుకున్నాడు. మొదట్లో పుస్తకంలో లేని ఒక పద్దు, పని మొదలయ్యాక కొత్తగా కనిపించింది. అది వకీలు గమనిస్తే దానికి రక్షణ లేదు. చిట్టీల లెక్కలు రాసేవాళ్లూ, సొసైటీల లెక్కలు చూసేవాళ్లూ ఈ ఒక్క ఉదాహరణను రెండుసార్లు చదువుకోవాలి.

గట్టు పంచాయితీలో కోపమొచ్చి "ఈసారి వాని కాళ్లిరగ్గొడతా" అని నా ముందే అనేవాళ్లూ ఉన్నారు. అది న్యాయసలహా కోసం చెప్పిన మాట కాదు కాబట్టి దానికి రక్షణ ఉందని నేనైతే అనుకోను, ఆ సంగతి మొహం మీదే చెప్తాను. చెప్పగానే చాలామంది చల్లబడతారు.

ఇంకా ఫీజు ఇవ్వలేదు, వకాలత్ మీద సంతకం పెట్టలేదు. ఊరికే సలహా అడిగాను. అప్పుడు?

ఫీజు ఇచ్చారా లేదా అన్నది చట్టం అడగదు. వకీలుగా ఆయన పని కోసం ఆ మాట చెప్పారా అన్నదే చూస్తుంది. ఆఫీసుకు వెళ్లి, కాగితాలు ముందు పెట్టి, "ఏం చేయమంటారు" అని అడిగితే సరిపోతుంది. కానీ మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో బంతి మీద పక్కన కూర్చున్న వకీలుకు బిర్యానీ తింటూ చెప్పిన ముచ్చటను కూడా అలాగే కాపాడుతుందని నమ్ముకోవద్దు. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు కూడా విన్నారు కదా.

గుమాస్తా, జూనియర్, టైపిస్టు అందరూ వింటున్నారు. వాళ్ల సంగతేంటి?

జూనియర్ కూడా వకీలే, ఆ కట్టుబాటు ఆయనకూ ఉంది. వకీలు దగ్గర పనిచేసే గుమాస్తాలు, ఉద్యోగులు, దుబాసీలకు కూడా ఇదే సెక్షన్ వర్తిస్తుంది. దేవరకొండ వైపు తండాల నుంచి లంబాడీ మాట తప్ప వేరే రాని ముసలమ్మలు వస్తుంటారు. ఆమె మాటను వకీలుకు తెలుగులో చెప్పే దుబాసీ కూడా నోరు కట్టుకోవాల్సిందే. ఈ సంగతి దుబాసీకి మొదటి నిమిషంలోనే చెప్పడం నాకు అలవాటు.

గొలుసు తెగేది కోర్టు గేటు అవతల ఉండే డీటీపీ షాపులో. అక్కడి కుర్రాడు వకీలు ఉద్యోగి కాదు. ఒకరోజు అఫిడవిట్ టైపు చేయించడానికి వెళ్తే, తెర మీద నాకు ముందు వచ్చినవాళ్ల విడాకుల పిటిషన్ తెరిచే ఉంది. భర్త పేరు, ఊరు, పెట్టిన ఆరోపణలు, అన్నీ పెద్ద అక్షరాల్లో. నా వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు, ఇంకా ప్రింటు తీయాల్సి ఉంది, అంతే. ఆ రోజు నుంచి టైపింగ్ మా ఆఫీసులోనే. మీరు కూడా మీ పత్రాలు జిరాక్సు షాపు వాట్సాప్ నంబరుకు పంపితే, ప్రింటు తీశాక ముందుండి డిలీట్ చేయించి రండి. మొహమాటపడితే మీ పాసుపుస్తకం, ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీ ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి.

వెంట మా ఊరి పెద్దమనిషిని తీసుకుపోవచ్చా? చెప్పడం నాకు సరిగ్గా రాదు.

నా లెక్కలో అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

మా దగ్గర ఎవరూ వకీలు దగ్గరికి ఒంటరిగా రారు. బావమరిదో, మాజీ సర్పంచో, ఎరువుల దుకాణం సేటో, ఎవరో ఒకరు వెంట ఉంటారు. దారి చూపిస్తారు, ఫీజు బేరం ఆడతారు, ధైర్యం చెప్తారు. అందులో తప్పు లేదు. కానీ 132వ సెక్షన్ కట్టేసేది వకీలును, ఆయన మనుషులను మాత్రమే. పక్కన కూర్చుని విన్న పెద్దమనిషిని అది కట్టెయ్యదు. రేపు ఆయనకు మీతో చెడితే, లేదా అవతలి పక్షం ఆయనను సాక్షిగా పిలిస్తే, విన్నదంతా చెప్పకుండా ఆపే చట్టం ఏదీ లేదు. పంచాయితీలో కూర్చునేవాళ్లకు రెండు వైపులా చుట్టరికాలు ఉంటాయి. ఈ రోజు మీ వెంట వచ్చినవాడు ఆ రోజు రాత్రే అవతలి వాకిట్లో కూర్చుని "రాజీ చేద్దాం" అంటాడు, చేతిలో మీ ముచ్చటంతా పెట్టుకుని.

ఒక కేసు చెప్తాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఊరూ చుట్టరికమూ మార్చాను. మనోవర్తి కోసం ఒక ఆడమనిషి వచ్చింది. వెంట మేనమామ, ఇంకో పెద్దాయన. "అమ్మా, అత్తగారిల్లు ఎప్పుడు విడిచిపెట్టినవ్?" అని నేను అడిగితే మేనమామ చెప్పాడు. "బంగారం ఎంత పెట్టిండ్రు?" అంటే కూడా ఆయనే: "ఎనిమిది తులాలు సార్, అంతా ఆ మొగుడే గుంజుకున్నడు, రాయుండ్రి." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. అరగంటలో ఒక్క మాట ఆమె నోటి నుంచి రాలేదు. కోర్టు ఫీజు స్టాంపులు కావాలని చెప్పి ఆ ఇద్దరినీ బయటికి పంపాను. తలుపు మూసుకోగానే అంది: "బంగారం మా ఆయన తియ్యలే సార్. మా మేనమామనే బ్యాంకుల కుదువ పెట్టుకున్నడు. ఆయన ముంగట ఎట్ల చెప్పాలె?"

ఆ ఒక్క మాట రాకపోతే పిటిషన్‌లో అబద్ధం రాసి ఉండేవాళ్లం. అవతలి వకీలు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బ్యాంకు రసీదు బయటపడి కేసంతా నేలపాలయ్యేది. స్టాంపులు తెచ్చిన మేనమామ డ్రాఫ్టు చదివించుకుని, "బంగారం సంగతి రాయలేదేంది సార్?" అన్నాడు. "ఇప్పుడు అక్కర్లేదు" అన్నాను. ఎందుకు అక్కర్లేదో ఆయనకు నేను ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి పెద్దమనిషిని తీసుకురండి, చాయ్ తాగించండి, బయట బెంచీ మీద కూర్చోబెట్టండి. "మీరు కొంచెం బయట కూర్చోండి" అని చెప్పే బాధ్యత వకీలుది, అది మీ మీద వేసుకోకండి. చెప్పని వకీలైతే మీరే ఒక చీటీ మీద రాసి ఇవ్వండి: ఒక్కరిగా మాట్లాడాలి అని.

ఫీజు కట్టేది బొంబాయిలో పనిచేసే మా అన్న. ఆయన ఫోన్ చేస్తే వకీలు అన్నీ చెప్తారా?

పాలమూరు నుంచి బొంబాయికో పుణెకో పనికి పోయినవాళ్ల ఇళ్లలో ఇది మామూలు ముచ్చటే. డబ్బు ఒకరు పంపుతారు, కేసు ఇంకొకరిది. డబ్బు పంపినంత మాత్రాన ఆయన కక్షిదారు కాడు. కక్షిదారు లేదా ఆయన అధికారం ఇచ్చిన మనిషి తప్ప ఇంకెవరి మాట మీదా వకీలు నడవకూడదని 19వ నిబంధన. మీ అన్నకు చెప్పాలని మీకుంటే, ఏమేం చెప్పొచ్చో వకీలుకు ముందే చెప్పి పెట్టండి. "వాయిదా తారీఖు చెప్పండి, మిగతావి నన్నడగమనండి" అన్నా సరే.

మేం అన్నదమ్ములం ఇద్దరం ఒకే వకీలును పెట్టుకున్నాం. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలుస్తుందా?

తెలుస్తుందనే అనుకోండి. బయటివాళ్ల ముందు మీ ఇద్దరి మాటా రహస్యమే, మీ ఇద్దరి మధ్య మాత్రం కాదు. చిన్నాయనతో కొట్లాట అయినన్ని రోజులు ఒక్కటిగా ఉండి, గెలిచిన తెల్లారి బావి దగ్గర చెలకను ఎవరు తీసుకోవాలని కొట్లాడుకున్న అన్నదమ్ములు నాకు తెలుసు. ఆ రెండో కొట్లాటలో నేను ఎవరి తరఫునా నిలబడలేదు.

మా పాత వకీలు ఇప్పుడు అవతలివాళ్ల తరఫున వస్తున్నాడు. ఇది కుదురుతుందా?

అదే వ్యవహారంలో అయితే కుదరదు. దావా వేయడం గురించి మీకు సలహా ఇచ్చినా, మీ కోసం దావా రాసినా, మీ తరఫున నిలబడినా, అందులోనే అవతలి పక్షానికి వాదించకూడదని 33వ నిబంధన. మీరు దీన్ని కోర్టు దృష్టికి తేవచ్చు.

చిన్న ఊళ్ల బార్‌లో చిక్కు ఏంటంటే, అందరూ అందరికీ తెలుసు. నిన్న ఒకే బెంచీ మీద టిఫిన్ చేసినవాళ్లు ఈ రోజు ఎదురెదురుగా నిలబడతారు. అందులో అనుమానపడాల్సింది ఏమీ లేదు, లోపల తిట్టుకుని బయట కలిసి చాయ్ తాగడం మా వృత్తి లక్షణం. కానీ అవతలి పార్టీతో తనకు చుట్టరికమో, లావాదేవీయో ఉంటే కేసు పట్టేటప్పుడే మీకు చెప్పాలి, అది 14వ నిబంధన. "అవతలాయన మీకేమన్నా అవుతడా సార్?" అని మొదటి రోజే అడగండి. అడిగినందుకు కోపం తెచ్చుకునే వకీలైతే ఆ కోపమే మీకు జవాబు.

పోలీసులో ఈడీవాళ్లో వకీలునే పిలిచి "నీ క్లయింట్ ఏం చెప్పాడు" అని అడగొచ్చా?

అలా పిలవకూడదని సుప్రీంకోర్టు 2025 అక్టోబర్ 31న తేల్చింది. గుజరాత్‌లో ముద్దాయికి బెయిల్ ఇప్పించిన వకీలుకు పోలీసులు నోటీసు ఇవ్వడం, ఆ తర్వాత ఢిల్లీలో సీనియర్ న్యాయవాదులకు ఈడీ సమన్లు పంపడం పెద్ద గొడవ అయ్యాయి. కోర్టు తనంతట తానే విషయాన్ని చేపట్టింది. పైన చెప్పిన మినహాయింపుల కిందికి వస్తే తప్ప, కేసు వివరాల కోసం దర్యాప్తు అధికారి వకీలును పిలవకూడదని ముగ్గురు జడ్జీల బెంచ్ చెప్పింది. మినహాయింపు ఉందని పిలిచినా అదేంటో సమన్లలో రాయాలి, ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి అనుమతి ఉండాలి. వకీలు ఫోనో ల్యాప్‌టాప్‌నో తేవాలంటే కోర్టు ముందే పెట్టాలి, వకీలూ కక్షిదారూ ఉండగానే తెరవాలి.

కాగితాల సంగతి కొంచెం వేరు. అసలు దస్తావేజును వకీలు బీరువాలో పెడితే అది అక్కడ మాయమైపోదు. పత్రాలు తెమ్మని ఆదేశం వస్తే వాటిని కోర్టు ముందు పెట్టాల్సి రావచ్చు, అభ్యంతరం ఉంటే దాన్ని అక్కడే వినిపించుకోవాలి. "కాగితాలు మీ దగ్గర దాచండి సార్" అని ఇచ్చిపోయేవాళ్లకు నేను ఈ మాట చెప్పి వెనక్కి ఇచ్చేస్తాను.

బోనులో నిలబడ్డప్పుడు అవతలి వకీలు "నీ వకీలుతో ఏం మాట్లాడావ్" అని అడిగితే?

మామూలుగా చెప్పాల్సిన పని లేదు, 134వ సెక్షన్ మీకు ఆ రక్షణ ఇస్తుంది. అయితే మీరే సాక్షిగా వచ్చి చెప్పిన ఏదైనా మాటకు వివరణ కోసం అవసరమని కోర్టు అనుకుంటే ఆ ముక్క మట్టుకు చెప్పించవచ్చు, అంతకు మించి కాదు. మీరు బోనెక్కారు కదా అని వకీలు నోటి తాళం కూడా ఊడిపోదు.

అరెస్టయినవాళ్లు వకీలుతో చాటుగా మాట్లాడొచ్చా?

నచ్చిన వకీలును సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది. విచారణ జరుగుతున్నంతసేపూ కాకపోయినా, మధ్యలో వకీలును కలవొచ్చు. విచారణ ఖైదీ జైల్లో ఉంటే వీలైనంతవరకు మూడో మనిషి లేకుండా వకీలుతో మాట్లాడనివ్వాలని 1894 నాటి జైళ్ల చట్టం చెప్పింది. ములాఖత్‌కు వచ్చిన ఇంటివాళ్లతో మాత్రం కేసు లోతుపాతులు మాట్లాడకండి, వాళ్లకు ఈ రక్షణ లేదు.

వాట్సాప్‌లో వకీలుకు పెట్టిన మెసేజ్ రహస్యమేనా?

నోటితో చెప్పినా, కాగితం మీద రాసినా, ఫోన్‌లో పెట్టినా చట్టానికి ఒకటే. కానీ ఫోన్ ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే సాయంత్రం పిల్లలు అందులో గేమ్ ఆడుతుంటారు. వాట్సాప్ వెబ్ పెట్టి ఇంకెక్కడో కంప్యూటర్‌లో తెరిచి వదిలేసి ఉంటారు. వకీలు పంపిన వాయిస్ మెసేజ్‌ను కుటుంబం గ్రూపులోకి ఫార్వర్డ్ చేస్తారు, ఆ గ్రూపులో అవతలి పార్టీ చెల్లెలు కూడా ఉంటుంది.

ఇంకోటి. మనవాళ్లకు స్పీకర్ ఆన్ చేసి మాట్లాడటం అలవాటు. దేవరకొండ బస్సులో కూర్చుని స్పీకర్ పెట్టి, "సార్, మన సాక్షి ఏం చెప్పాలె?" అని అరిచిన కక్షిదారుకు ఆ రోజు నేను "మీరు బస్సు దిగి చేయండి" అన్న ఒక్క ముక్కే చెప్పి పెట్టేశాను.

పిటిషన్‌లో రాసింది కూడా రహస్యమేనా?

కాదు. ఇది చాలామంది కలగలిపేసుకుంటారు. వకీలుకు చెప్పింది రహస్యం. కోర్టులో వేసింది కోర్టు రికార్డు. ఈకోర్ట్స్ యాప్‌లో పేరు కొడితే కేసు నంబరు, వాయిదా తారీఖు ఎవరికైనా కనిపిస్తాయి, మీకు పిల్లనివ్వాలనుకునేవాళ్లకు కూడా. అందుకే డ్రాఫ్టు మీద సంతకం పెట్టే ముందు చదివించుకుని, ఏది రాయకుండా సరిపోతుందో అడగండి. భార్యాభర్తల కేసుల్లో మాత్రం ఎవరైనా ఒకరు అడిగితే కోర్టు తలుపులు మూసి వింటుంది. హిందూ వివాహ చట్టం కింది కేసుల వివరాలు అచ్చు వేయడానికి కూడా వీల్లేదు.

దస్తావేజు రాసేవారికి, ఆడిటర్‌కు, డాక్టర్‌కు చెప్పింది కూడా ఇలాగే ఉంటుందా?

ఉండదు. వాళ్ల వాళ్ల వృత్తి మర్యాదలు వాళ్లకు ఉంటాయి, కానీ 132వ సెక్షన్ రక్షణ వకీలు దగ్గర చెప్పిన దానికే. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెట్టు కింద దస్తావేజు రాసే ఆయనకు "అసలు ధర ఇంత, కాగితం మీద ఇంత" అని చెప్పినవాళ్లు రేపు ఆయన సాక్షిగా వస్తే ఆశ్చర్యపోవద్దు.

ప్రభుత్వం ఇచ్చిన ఉచిత వకీలుకు కూడా ఈ నియమాలు ఉన్నాయా?

అచ్చంగా ఇవే ఉన్నాయి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి లేదా 15100కు ఫోన్ చేయండి. ఫీజు లేదు కాబట్టి రహస్యమూ ఉండదేమో అన్న అనుమానం పెట్టుకోకండి. మధ్యవర్తిత్వానికి పంపినా అక్కడి మాటలు అక్కడే ఉంటాయి. రాజీ కుదరకపోతే "కుదరలేదు" అన్న ఒక్క మాటే కోర్టుకు రాయాలని, లోపల ఎవరేమన్నారో రాయకూడదని 2010లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మా వకీలు నిజంగానే చెప్పేశాడు. ఇప్పుడేం చేయాలి?

మొదట ఎవరు చెప్పారో తేల్చుకోండి. చాలాసార్లు వకీలు మీదే అనుమానం పోతుంది, తీరా చూస్తే వెంట వచ్చిన మనిషే చెప్పి ఉంటాడు. కానీ వకీళ్లు కూడా చెప్తారు, అది దాచడానికి నేను ఇది రాయడం లేదు. నేను జూనియర్‌గా ఉన్నప్పుడు కోర్టు ఆవరణలో చాయ్ తాగుతూ, మా కక్షిదారు ఎంతకు రాజీ పడతాడో ఇంకో జూనియర్‌తో అన్నాను. వెనక బెంచీ మీద అవతలి పార్టీ మనిషి ఉన్నాడని తెలియదు. తర్వాతి వాయిదాకు వాళ్లు సరిగ్గా ఆ అంకె దగ్గరే ఆగి, పైసా పెంచలేదు. మా సీనియర్ తిట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని కక్షిదారు ఇంటికి తీసుకుపోయి, జరిగింది నా నోటితోనే చెప్పించారు. ఆయన కాసేపు నా మొహం చూసి, "చిన్నోడివి, పో" అన్నాడు. తిడితే బాగుండేది.

ఫిర్యాదు చేయాలనుకుంటే తెలంగాణ బార్ కౌన్సిల్‌కు చేయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ మాట, ఎవరి ద్వారా మీకు తెలిసిందో రాసి, సంతకం, వెరిఫికేషన్‌తో (రాసింది నిజమే అన్న ధృవీకరణతో) పిటిషన్ ఇవ్వాలి. "మా వకీలు అమ్ముడుపోయిండు" అన్న ఒక్క వాక్యం పని చేయదు. విషయం ఉందనుకుంటే కౌన్సిల్ దాన్ని క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, వకీళ్ల జాబితా (రోల్) నుంచి పేరే తీసేయవచ్చు. ఏడాదిలో తేలకపోతే వ్యవహారం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోతుంది. నిర్ణయం నచ్చకపోతే 60 రోజుల్లో అక్కడికే అప్పీలు, ఆపైన సుప్రీంకోర్టు.

వినియోగదారుల ఫోరానికి పోవడం మాత్రం దండగ. వకీలు సేవలు ఆ చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు 2024 మే 14న చెప్పేసింది.

ఫీజు బాకీ ఉందని కేసు కట్ట ఇవ్వడం లేదు.

ఆపకూడదు. బాకీ కోసం కక్షిదారు ఫైల్ పట్టుకుని కూర్చునే హక్కు వకీలుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బాకీ నిజమే అయితే వసూలుకు వేరే దారులు ఉన్నాయి. కట్ట తీసుకునేటప్పుడు ఏమేం కాగితాలు అందాయో ఒక లిస్టు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

మా వకీలు చనిపోయారు. మా కాగితాలు ఆయన ఇంట్లో ఉన్నాయి, కొడుకు వకీలు కాదు.

ఇంటివాళ్లు కట్టలు విప్పి చదవాల్సిన పని లేదు. పైన రాసిన కేసు నంబరు, పేరు చూసి ఎవరి కట్ట వాళ్లకు ఇస్తే చాలు. ఆయన దగ్గర పనిచేసిన జూనియర్‌నో గుమాస్తానో పిలిస్తే పని తొందరగా అవుతుంది, ఎలాగూ వాళ్లిద్దరికీ ఆ కట్టుబాటు ఉంది. కట్ట దొరక్కపోతే టెన్షన్ పడకండి, కోర్టులో వేసిన వాటికి కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోవచ్చు.

మా సీనియర్ పోయినప్పుడు ఆయన బీరువా ఖాళీ చేయడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. ఎర్ర గుడ్డలో కట్టిన కట్టలు, కొన్నింటికి చెదలు. చివరి అరలో కక్షిదారు పేరు లేకుండా అంటించిన కవర్లు మూడు దొరికాయి. వాటి మీద ఆయన చేతిరాతతో తారీఖు ఒక్కటే ఉంది. ఆ తారీఖులను పట్టుకుని పాత డైరీలు తిరగేసి ఇద్దరిని వెతికి పట్టుకున్నాను, వాళ్ల కవర్లు వాళ్లకు ఇచ్చేశాను. మూడోది ఎవరిదో ఇంకా దొరకలేదు. విప్పకుండా నా బీరువాలోనే ఉంది.